పేలిన క్యాపు, మిగిలిన ఇత్తడి

పన్నెండు బోరు ఇత్తడి తూటాని తిరగేసి అడుగు చూడండి. 22 మిల్లీమీటర్ల చిల్లర వెడల్పున గుండ్రటి మడమ, దాని మీద అచ్చుగుద్దిన కంపెనీ పేరు, బోరు అంకె. సరిగ్గా నడిమధ్యన 5, 6 మిల్లీమీటర్ల చిన్న బిళ్ల. ఆ బిళ్ల మీద గుంట పడి ఉంటే తుపాకీ సూది దాన్ని ఒకసారి కొట్టిందన్నమాట. దాన్నే ప్రైమర్ అంటారు, వాడుకలో క్యాపు.

గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో, అటకల మీది రేకు పెట్టెల్లో ఇలాంటి డొల్లలు అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. బాతుల కోసం కొల్లేరు వైపు, పందుల కోసం, దుప్పుల కోసం పాపికొండల వైపు తుపాకులు కదిలిన కాలం నాటివి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ సరదాకి తెరపడింది. 1999లో కొల్లేరు అభయారణ్యమయింది. డొల్లలు మాత్రం ఉండిపోయాయి. అట్ట తూటా ఒకటి రెండుసార్లకే చీకిపోతుంది. ఇత్తడి డొల్లలో అయితే కొత్త క్యాపు, కొత్త మందు, కొత్త గుళ్లు వేసుకుని ఏళ్ల తరబడి వాడుకునేవారు. ఆ పనిలో మొదటి మెట్టు పేలిపోయిన పాత క్యాపుని ఊడదీయడం. పెద్ద పనేం కాదు. కానీ ఆ క్యాపు కింద దొరికే నల్లటి మసిలో రెండు వందల ఏళ్ల రసాయన శాస్త్రం ఉంది. ఇత్తడికి పేలుడు కన్నా పేలాక మిగిలేదే ఎక్కువ చేటు చేస్తుందన్న సంగతీ అక్కడే తెలుస్తుంది.

ముందు క్యాపు పనిచేసే తీరు చూద్దాం. మెత్తటి లోహపు గిన్నెలో చిటికెడు పేలుడు పదార్థం ఉంటుంది. దానికి అవతల చిన్న దాగలి. తుపాకీ గుర్రం పడగానే సూది గిన్నెని లోపలికి నొక్కుతుంది, పదార్థం దాగలికీ గిన్నెకీ మధ్య నలిగి భగ్గుమంటుంది. ఆ మంట సన్నటి బెజ్జంలోంచి డొల్లలోకి దూకి అసలు మందుని అంటిస్తుంది. దీపావళికి పిల్లలు బొమ్మ తుపాకీలో పేల్చే రీలు కూడా ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. తూటాలోని మందు నిప్పు తగిలితే మండుతుంది. క్యాపులోది దెబ్బ తగిలినా చాలు, మండుతుంది. తేడా అంతా అదే.

దెబ్బకి మండే ఈ పదార్థాల్లో మొదట పేరుకెక్కింది పాదరసపు ఫల్మినేట్. ఎడ్వర్డ్ హోవార్డ్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త 1800లో దాని గురించి లండన్ రాయల్ సొసైటీకి తెలియజేశాడు. దాన్ని తుపాకీకి పనికొచ్చేలా చేసినవాడు అలెగ్జాండర్ ఫోర్సైత్, స్కాట్లాండులోని బెల్‌హెల్వీ అనే ఊళ్లో చర్చి పాదిరి. ఆయనకి బాతుల వేటంటే ఇష్టం. అప్పటి చెకుముకి తుపాకీలో గుర్రం పడగానే పక్కనున్న పళ్లెంలో పొడి భగ్గుమని పొగ లేస్తుంది, గుళ్లు బయటికొచ్చేది ఆ తర్వాత. ఆ వెలుగూ పొగా చూసి బాతులు తప్పించుకునేవి. ఆ ఆలస్యాన్ని తొలగించాలన్న పట్టుదలతో ఫల్మినేట్‌ని వాడి, 1807లో పేటెంటు తీసుకున్నాడు. ప్రపంచ సైన్యాలన్నీ ఆ తర్వాత అందుకున్న ఈ మార్పుకి మూలం ఒక చెరువు గట్టు మీద పుట్టిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

డొల్ల చేతిలో ఉంటే, ఊళ్లో చేసుకోలేనిది ఈ క్యాపు ఒక్కటే. సీసం కరిగించి గుళ్లు పోసుకోవచ్చు. సురేకారం, గంధకం, బొగ్గుతో నల్లమందు నూరడం మన్యంలో కొత్త విద్యేం కాదు. క్యాపుకి మాత్రం రసాయనశాల కావాలి, వెంట్రుకవాసి తేడా రాకుండా గిన్నెలు గుద్దే యంత్రం కావాలి. అల్లూరి సీతారామరాజు పోరాటాన్ని ఈ వైపు నుంచి కూడా చూడాలి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసి ఆయన దళం 26 కార్బైన్లనీ, 2,500కు పైగా తూటాలనీ పట్టుకుపోయింది. తుపాకీతో పాటు తూటా కూడా శత్రువు దగ్గర్నుంచే రావాలి. కాల్చిన ఇత్తడి డొల్ల ఎన్ని వందలు పోగయినా, కొత్త క్యాపు దొరక్కపోతే అది బరువే తప్ప ఆయుధం కాదు. ప్రభుత్వం చేతిలో పుణె దగ్గర ఖడ్కీలో 1869 నుంచి నడుస్తున్న మందుగుండు కర్మాగారం ఉంది. కొండల్లో ఉన్నవాళ్లకి అలాంటిదేమీ లేదు.

ఇక ఊడదీసే సంగతి. దీనికో చిత్రమైన చరిత్ర ఉంది. 1866లోనే ఇద్దరు రెండు రకాల క్యాపులకి పేటెంట్లు తీసుకున్నారు. అమెరికా సైనికాధికారి హైరమ్ బెర్డాన్ దాగలిని డొల్లలోనే భాగంగా పెట్టాడు. క్యాపు గుంత నడుమ చిన్న దిమ్మె, దానికి అటూ ఇటూ రెండు సన్నటి బెజ్జాలు. ఇంగ్లండులోని వూలిచ్ ఆయుధశాల అధికారి ఎడ్వర్డ్ బాక్సర్ దాగలిని క్యాపులోనే అమర్చాడు, కాబట్టి డొల్లకి నడిమధ్యన ఒక్కటే పెద్ద బెజ్జం సరిపోయింది. తర్వాత అమెరికా వాళ్లు ఇంగ్లీషువాడి పద్ధతిని, యూరప్‌లో చాలా దేశాలు అమెరికావాడి పద్ధతిని పట్టుకున్నాయి. ఖాళీ డొల్లలోకి టార్చి వేసి చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది. ఒక బెజ్జమైతే బాక్సర్, రెండైతే బెర్డాన్.

బాక్సర్ రకం తీయడం తేలిక. లోపలి నుంచి సన్నటి ఉక్కు కడ్డీని నడిమి బెజ్జంలోకి దింపి, కింద గుల్లగా ఉన్న ఆనిక పెట్టి నొక్కితే క్యాపు టప్పున ఊడి పడుతుంది. బెర్డాన్‌కి ఆ దారి మూసుకుపోయింది, నడుమ దిమ్మె ఉంది కదా. బయటి నుంచే కొక్కెం లాంటి పనిముట్టుతో క్యాపుని పొడిచి పైకి లేపాలి. చెయ్యి జారితే గుంత అంచు గీసుకుపోతుంది, దిమ్మె వంగుతుంది, ఆ డొల్ల ఇక పనికిరాదు. పైగా పేలినప్పుడు క్యాపు గోడలు ఉబ్బి గుంతకి బిగుసుకుపోయి ఉంటాయి. నేటి పన్నెండు బోరు తూటాలో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి ఏడు వందల కిలోల దాకా వెళ్తుంది మరి.

అందుకే కొందరు నీటిని వాడతారు. డొల్ల నిండా నీళ్లు పోసి, మూతికి సరిగ్గా పట్టే కడ్డీ దింపి పైన సుత్తితో కొడతారు. నీరు అణగదు, ఆ ఒత్తిడి రెండు బెజ్జాల్లోంచి వెళ్లి క్యాపుని వెనక నుంచి బయటికి తోస్తుంది. పాస్కల్ సూత్రం అక్షరాలా కంటికి కనబడుతుంది. కాకపోతే రైఫిల్ డొల్లకి బాగా పనిచేసే ఈ పద్ధతి పన్నెండు బోరుకి అంత కలిసిరాదు, కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. డొల్ల లోపలి వెడల్పు 19 మిల్లీమీటర్లనుకుంటే కడ్డీ అడుగు వైశాల్యం 283 చదరపు మిల్లీమీటర్లు. 5.5 మిల్లీమీటర్ల క్యాపు వైశాల్యం 24. కడ్డీ మీద 100 కిలోల బలం పెడితే క్యాపుకి అందేది 8 కిలోల చిల్లర. అదే ఏడున్నర మిల్లీమీటర్ల మూతి ఉన్న రైఫిల్ డొల్లలో సగానికి పైగా అందుతుంది. కారుని పైకెత్తే హైడ్రాలిక్ జాకీలో చిన్న ముషలకం నొక్కితే పెద్దది లేస్తుంది. ఇక్కడ పెద్దది నొక్కి చిన్నదాన్ని కదిలించాలి, అంటే జాకీని తలకిందులు చేసి వాడినట్టు.

ఈ పని ఎక్కడ చేయొచ్చన్నది కూడా చెప్పుకోవాలి. అమెరికాలో తూటాలు ఇంట్లోనే నింపుకోవడం చాలామందికి మామూలు వ్యాపకం. మన దేశంలో 1959 ఆయుధ చట్టం ఐదో సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. అటక మీద దొరికిన తూటా విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. క్యాపు మీద గుంట ఉన్నంత మాత్రాన అది పేలిపోయిందని నమ్మకూడదు. దెబ్బ పడినా పేలని క్యాపులు ఉంటాయి. మందూ గుళ్లూ లేని డొల్లలో కూడా బతికున్న క్యాపు వేళ్లు తెగేంత పని చేయగలదు. ఏ మాత్రం అనుమానమున్నా దాని జోలికి పోకుండా పోలీసులకి అప్పగించడమే మంచిది.

క్యాపు ఊడాక గుంతలో నల్లటి మడ్డి కనిపిస్తుంది. పాత క్యాపుల్లో ఫల్మినేట్‌తో పాటు పొటాషియం క్లోరేట్ కలిపేవారు. పేలాక క్లోరేట్‌లోని ఆక్సిజన్ పోయి పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. ఇది ఉప్పుకి దగ్గరి చుట్టం. గాలిలో తేమ 84 శాతం దాటితే తనంతట తానే నీరు పీల్చుకుని కరుగుతుంది. శ్రావణ భాద్రపదాల్లో కోనసీమలో ఆ మాత్రం తేమ ఎప్పుడూ ఉండేదే. అలా కరిగిన క్లోరైడ్ ఇత్తడిలోని జింకుని లాగేస్తుంది. రాగి మిగిలి అక్కడక్కడ గులాబి రంగు మచ్చలు తేలతాయి. ఆ మచ్చ కనబడితే అక్కడ లోహం గుల్లబారిందనే. తుపాకీ గొట్టానికీ ఇదే బాధ. నూనె రాస్తే ఉప్పు పోదు, దాని మీద పొర కడుతుందంతే. వేటగాళ్లు గొట్టంలో మరిగే నీళ్లు పోసి, ఆరాక నూనె పట్టించడం అందుకే.

పాదరసం చేసే పని ఇంకా దారుణం. ఫల్మినేట్ పేలాక విడిపోయిన పాదరసం ఇత్తడిలోకి ఇంకి దాన్ని పెళుసు చేస్తుంది. నల్లమందు రోజుల్లో ఇది అంతగా బయటపడలేదు, ఆ మందు వదిలే బోలెడు మసి పాదరసాన్ని చాలావరకు పట్టేసుకునేది. పొగలేని మందు వచ్చాక మసి తగ్గింది, పాదరసం నేరుగా ఇత్తడికి తగిలింది, డొల్లలు పగలసాగాయి. అమెరికా సైన్యం 1898లో పాదరసపు క్యాపుల్ని మానేసింది. క్లోరేట్‌కి బదులు 1920ల్లో జర్మనీ సీసపు స్టిఫ్నేట్‌ని తెచ్చింది, ఇప్పటికీ ఎక్కువగా అదే వాడుక. తుప్పు బాధ తీరింది, సీసం బాధ వచ్చింది. ఈ మసిని పొడిగా గీకి ఊదితే సీసపు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడవాలి, చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు.

మసి అంతా కడిగేసినా ఇత్తడికి ఇంకో శత్రువుంది. అది బయటపడింది మన దేశంలోనే. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాల్ని గుర్రపు శాలల్లో దాచేది. వానలు వెలిశాక చూస్తే వాడని తూటాలు కూడా నిలువునా పగిలి ఉండేవి. దానికి ఋతువు పగులు అని పేరు పెట్టారు. మూర్, బెకిన్‌సేల్ అనే పరిశోధకులు 1921లో కారణం తేల్చారు. తూటా ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. గుండ్రటి రేకుని అచ్చులో దఫదఫాలుగా సాగదీసి డొల్ల చేస్తారు. ఆ సాగదీతలో పుట్టిన బిగువు లోహంలోనే ఉండిపోతుంది. గుర్రపు మూత్రం నుంచి వచ్చే అమోనియా, వాన తేమతో కలిసి, ఆ బిగువున్న చోట స్ఫటికాల హద్దుల వెంట లోహాన్ని తొలుస్తుంది. బిగువు, అమోనియా, తేమ మూడూ కలిస్తేనే పగులు. ఒకటి తీసేస్తే చాలు. 250 నుంచి 300 డిగ్రీల దగ్గర కొంతసేపు వేడి చేస్తే బిగువు సడలుతుంది, గట్టిదనం మాత్రం పోదు. ఇంతకన్నా ఎక్కువ వేడి చేసి లోహాన్ని పూర్తిగా మెత్తబరచడం కంచర కొలిమి ఎరిగిన పని. పెరవలి మండలం అజ్జరం ఇత్తడి పనికి పేరుమోసిన ఊరు. బిందె అయినా పళ్లెమైనా, సుత్తి దెబ్బకి బిరుసెక్కిన ఇత్తడిని మధ్యమధ్య కాల్చకపోతే అది చేతిలోనే చీలుతుందని ఆ పని చేసేవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

పాత డొల్లల్ని ఇంట్లో గుర్తుగా దాచుకునేవాళ్లకి ఇదంతా పనికొస్తుంది. గొడ్లసావిడి అటక మీద పెట్టొద్దు, యూరియా బస్తాల పక్కన అసలే వద్దు. తడి తగిలిన యూరియా నుంచి కూడా అమోనియా వస్తుంది. మెరుగుకి అమోనియా ఉన్న పాలిష్ వాడకండి. చింతపండు పులుసు చాలు, అందులోని టార్టారిక్ ఆమ్లం పైనున్న చిలుముని కరిగిస్తుంది. అయితే రుద్దిన వెంటనే మంచినీళ్లతో బాగా కడగాలి. క్యాపు గుంతలో తడి నిలవకుండా గుడ్డ వత్తి దూర్చి తుడిచి, ఎండలో పెట్టి, పూర్తిగా ఆరాకే పెట్టెలో వేయాలి.