నవ్వని పెంగ్విన్

నేరం కథలో హాస్యం కలపాలంటే దొంగను వెర్రిబాగులవాణ్ణి చేస్తే చాలనుకుంటారు చాలామంది. తుపాకీ తిరగేసి పట్టుకునే రౌడీ, గోడ దూకబోయి బురదలో పడే దొంగ, వెనక నుంచి ఇక్కడ నవ్వండని మోచేత్తో పొడిచే సంగీతం. పెద్ద సినిమాలో పది నిమిషాల కామెడీ ట్రాకుగా ఇది చెల్లిపోతుంది. అరగంటలో అయిపోయే చిన్న చిత్రాన్ని మాత్రం ఈ పద్ధతి మోయలేదు. దొంగంటే భయం పోయాక దొంగతనం మీద ఆసక్తీ పోతుంది, ఆ తర్వాత మిగిలేది కోతిచేష్టలే. నేరాన్ని పెదవి బిగించి, అచ్చమైన నేరంలాగే తీస్తే నవ్వు దానంతటదే పుడుతుందనడానికి నాకు తెలిసిన గట్టి సాక్ష్యం ‘ద రాంగ్ ట్రౌజర్స్’. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఉన్న ఆర్డ్‌మన్ సంస్థలో నిక్ పార్క్ 1993లో తీసిన మట్టిబొమ్మల చిత్రమిది. ఆస్కార్ గెలిచింది. మన పిల్లలు ఫోన్లలో చూసే ‘షాన్ ద షీప్’ కూడా ఆ సంస్థ గొర్రే.

కథ చెబితే వెర్రిగానే ఉంటుంది. వాలెస్ అనే యంత్రాల పిచ్చి మనిషి, తన కుక్క గ్రోమిట్ పుట్టినరోజుకు ఓ యంత్రపు ప్యాంటు కొంటాడు. అది దానంతటదే నడుస్తుంది, గోడలూ పైకప్పూ కూడా ఎక్కుతుంది. కుక్కను తిప్పే పని ఇక దానిదే. బిల్లులు మీద పడటంతో గది అద్దెకిస్తే ఓ పెంగ్విన్ దిగుతుంది. ఇస్తానన్న గది కాదని కుక్క గదిలోనే మకాం వేసి, యజమానిని బుట్టలో వేసుకుంటుంది. కుక్క మనసు విరిగి ఇల్లు వదిలిపోతుంది. పెంగ్విన్ కన్ను నిజానికి గది మీద లేదు, ప్యాంటు మీద ఉంది. ఊళ్ళో మ్యూజియం, అందులో వజ్రం.

ఇప్పుడు ఆ పెంగ్విన్‌ను ఎలా చూపించారో గమనించండి. మాట లేదు. కళ్ళు రెండు నల్లపూసలు, వాటి మీద కనుబొమలు లేవు. గ్రోమిట్‌కూ మాట లేదు గానీ నుదురుంది, ఆ నుదురు ఒక్కటీ అటూఇటూ కదిలి బాధ, అనుమానం, విసుగు అన్నీ చెప్పేస్తుంది. పెంగ్విన్‌కు ఆ దారి కూడా మూసేశారు. బొమ్మను ఫ్రేము ఫ్రేముకూ చేత్తో కదిపి తీసే చిత్రంలో కదలిక చవక కాదు, కదలకుండా నిలబెట్టడం ఇంకా ధైర్యం. అంతసేపు నిశ్చలంగా ఉన్న బొమ్మ మెల్లగా తల తిప్పితే చాలు, హాలు బిగుసుకుంటుంది. నీడలు, కింది నుంచి పెట్టిన కెమెరా, జూలియన్ నాట్ సంగీతం, అన్నీ దాన్ని కరుడుగట్టిన నేరగాడిగానే చూస్తాయి. ఇంతా చేసి దాని మారువేషం ఏమిటంటే నెత్తిమీద ఎర్ర రబ్బరు గ్లౌజు. అంతే, పోలీసులకది కోడి. గోడమీద పోస్టరు కూడా కోడి కోసమే. ఈ జోకును ఒక్క పాత్రా జోకుగా గుర్తించదు, కెమెరా కూడా. నవ్వే పని మొత్తం మనకే వదిలేశారు.

దొంగతనం ఘట్టం ఇంకా గట్టి రుజువు. నిద్రపోతున్న వాలెస్‌ను ప్యాంటుతో సహా రిమోటు మీద నడిపించి, పెంగ్విన్ మ్యూజియం పైకప్పుకు తలకిందులుగా ఎక్కిస్తుంది. తాను కిటికీ బయటే ఉంటుంది. కింద అలారం కిరణాలు, మధ్యలో వజ్రం, వాలెస్ హెల్మెట్‌లోంచి దిగే కొక్కెం. అంతలో పైకప్పు పలక ఒకటి ఊడటం మొదలవుతుంది. మీటరు తిప్పినట్టు ఉత్కంఠ పెరుగుతూంటే, దొంగతనం చేస్తున్న మనిషేమో హాయిగా నిద్రలో ఉన్నాడు. బల్లకింద బాంబుందని ప్రేక్షకుడికి ముందే చెబితేనే ఉత్కంఠ అని దర్శకుడు హిచ్‌కాక్ వివరించేవాడు. ఇక్కడ మనకు తెలుసు, కుక్కకు తెలుసు, చేస్తున్నవాడికే తెలియదు. ఈ ఎడంలోనే భయమూ ఉంది, నవ్వూ ఉంది. వాలెస్‌ను మెలకువగా ఉంచి కెవ్వుకెవ్వుమనిపించి ఉంటే రెండూ పోయేవి.

ఇదంతా పాత హాలీవుడ్ నేర చిత్రాలకు పేరడీ, అవి చూసినవాళ్ళకే రుచిస్తుంది అనవచ్చు. అలాగైతే హిచ్‌కాక్ పేరు వినని పిల్లవాడు ఆ పెంగ్విన్‌ను చూసి దుప్పటి ముఖం మీదికి లాక్కోవలసిన పని లేదు. పేరడీకి మూలం తెలియాలి, నీడకూ నిశ్శబ్దానికీ తెలియనక్కర్లేదు. మరి చివరి రైలు వేట మాటేమిటి, అక్కడ గంభీరత గాలికి వదిలేశారు కదా అనేది ఇంకాస్త బలమైన అభ్యంతరం. ఇంట్లో బొమ్మరైలు మీద వేట, తుపాకీ కాల్పులు, గోడలు మసకబారిపోయేంత వేగం: చూడటానికి వట్టి అల్లరే. కానీ ఆ రైలు ఊరికే ఊడిపడలేదు, మొదట్లో ఫలహారం వేళ ఉత్తరాలు మోసుకొచ్చినది అదే. పట్టాలుంటేనే రైలు నడుస్తుందన్న నియమాన్నీ తప్పించలేదు. పట్టాలు అయిపోతున్నాయి గనకే గ్రోమిట్ డబ్బాలోంచి ముక్క తర్వాత ముక్క తీసి, తాను ఎక్కిన బండికి ముందు తానే పరుస్తూ పోతాడు. నియమాన్ని కచ్చితంగా పాటించడమే అక్కడ హాస్యం. గోడ దూకబోయి బురదలో పడే మన దొంగకు ఏ నియమమూ లేదు. వాడెప్పుడైనా పడొచ్చు, అందుకే వాడు పడితే ఏమీ అనిపించదు.

ఒక ఫిర్యాదు మాత్రం ఒప్పుకోవాలి. పెంగ్విన్‌కు వజ్రం ఎందుకో, అది ఎక్కడి నుంచి ఊడిపడిందో చిత్రం చెప్పదు. పెద్ద సినిమాలో ఇది లోటే. అరగంటలో అయితే, దాని గతం చెప్పడానికి ఓ ఫ్లాష్‌బ్యాక్ పెట్టిన మరుక్షణం ఆ నల్లపూసల కళ్ళు మామూలు కళ్ళయిపోయేవి. నిక్ పార్క్ ఆ విషయం మరిచిపోలేదు. 31 ఏళ్ళకు, 2024లో వచ్చిన పూర్తి నిడివి చిత్రంలో అదే పెంగ్విన్ మళ్ళీ వచ్చింది. అప్పుడూ ఒక్క మాట మాట్లాడలేదు.