తీగలమీది చదువు

రామచంద్రపురం దాటి పటాన్‌చెరు, ఇస్నాపూరు, రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డికి పోయే బాటలో ఫ్యాక్టరీల పొగగొట్టాలు అందరి కంటా పడుతవి. ఆ షెడ్లమీదుగా, పొలాలమీదుగా ఒకదాని భుజంనుండి మరొకదాని భుజానికి తీగలనందించుకుంటూ సాగిపోయే ఉక్కు స్తంభాలను మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో దీపం ఆరిపోయిననాడు తప్ప తీగ సంగతి మనకు గుర్తురాదు గదా!

ఈ బాట పరిశ్రమలకే గాక చదువుకు కూడా నెలవు. టర్బైన్లను, జనరేటర్లను తయారుచేసే భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం రామచంద్రపురంలో ఉన్నది. 2008లో ఎద్దుమైలారంలో తాత్కాలికంగా ఆరంభమైన ఐ.ఐ.టి. తరువాత కందికి తరలివచ్చినది. 2009లో రుద్రారంలో గీతం విశ్వవిద్యాలయ ప్రాంగణం వెలసినది. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివే విద్యార్థికి డిగ్రీ చదువు నడుమ విద్యుత్ప్రసారమనే పాఠం ఎదురవుతుంది. సమీకరణాలు పొడవు, లెక్కలు చిక్కు. మనస్సేమో సాఫ్టువేరు కొలువులవైపు లాగుతూంటుంది. “ఈ తీగల లెక్కలు నాకెందుకు?” అని అతడు విసుక్కుంటే తప్పు పట్టలేము. కాని ఆ ప్రశ్నకు సమాధానం మాత్రం చెప్పవలసి ఉన్నది.

మొదటి పాఠం హైస్కూలు పిల్లలకు కూడా అందేదే. తీగలో ప్రవహించే కరెంటు వర్గాన్నిబట్టి వేడిరూపంలో నష్టం కలుగుతుంది. లక్ష కిలోవాట్ల శక్తిని 11 కిలోవోల్టుల మీద మూడు ఫేజులలో పంపవలెనంటే, ఒక్కొక్క తీగలో సుమారు 5,250 ఆంపియర్లు పారవలె. అదే శక్తిని 220 కిలోవోల్టుల మీద పంపితే 262 ఆంపియర్లు చాలును. కరెంటు 20వ వంతుకు దిగినది. అదే తీగలో నష్టం 400వ వంతుకు దిగినది. ఆ స్తంభాలు అంత ఎత్తుగా ఉండటానికి, వాటి దరికి ఎవరూ పోరాదనటానికి మూలం ఈ చిన్న లెక్కలోనే ఉన్నది. ఎక్కువ వోల్టేజి ఉన్న తీగను నేలకు, మనిషికి దూరంగా ఉంచక తప్పదు.

ఆ తీగను స్తంభానికి తగలకుండా పట్టి ఉంచేవి పింగాణీ బిళ్లల దండలు. 33 కిలోవోల్టులకు సాధారణంగా మూడు బిళ్లలు, 220కి పదమూడో పదునాలుగో, 400కు ఇరవైమూడు వరకు ఉంటవి. దూరాన నిలబడి బిళ్లలు లెక్కపెట్టి వోల్టేజిని అంచనా వేయటం పిల్లలకు మంచి వినోదం. అయితే, ఆ బిళ్లలు బరువును సమానంగా పంచుకోవు. తీగకు దగ్గర ఉన్న బిళ్లమీద వోల్టేజి భారం అన్నిటికంటె ఎక్కువగా పడుతుంది. అందుకే బిళ్లల సంఖ్య పెంచినంతమాత్రాన బలం అదే పాళ్లలో పెరగదు. ఫ్యాక్టరీల ప్రాంతంలో ఇంకొక చిక్కు ఉన్నది. పింగాణీమీద పేరుకొన్న ధూళి, చలికాలపు మంచుకు తడిసిందంటే కరెంటుకు దొంగదారి ఏర్పడుతుంది. పుస్తకంలోని లెక్కకు పటాన్‌చెరు గాలి కూడా కలుస్తున్నదన్నమాట.

ప్రయోగశాలలో విద్యార్థిని నివ్వెరపరచే వింత మరొకటి ఉన్నది. పొడవైన తీగకు ప్రతిగా అమర్చిన నమూనా చివర ఏ భారమూ లేకుండా కరెంటు పెడితే, ఈ కొసన ఇచ్చినదానికంటె ఆ కొసన వోల్టేజి ఎక్కువగా కనిపిస్తుంది. మీటరు చెడిపోయినదనుకుంటాడు అమాయకుడు. తీగకూ నేలకూ నడుమ విద్యుత్తు నిలువచేరే గుణమూ, తీగకు సహజమైన ప్రేరకత్వమూ కలిసి చేసే పని అది. లండనులోని డెప్ట్‌ఫర్డ్ కేంద్రంనుండి 10,000 వోల్టుల కేబుళ్లు వేసిన ఫెరాంటి పేరుమీదనే దీనికి ఫెరాంటి ప్రభావమని పేరు వచ్చినది. రాత్రివేళ వాడకం తగ్గినప్పుడు సబ్‌స్టేషనులోని ఇంజనీరు ఈ పెరుగుదలను అదుపు చేయవలసి వస్తుంది.

ఇక ఈ చదువు విలువను దేశమంతటికీ తెలియజెప్పినది 2012వ సంవత్సరం. ఆ ఏడు జూలై 30 తెల్లవారుజామున బీనా, గ్వాలియరుల నడుమ జంట తీగలలో ఒకటి పనులకోసం ఆపి ఉండగా, భారం మోస్తున్న రెండవది గ్రిడ్డునుండి విడివడినది. దాని బరువు పక్కదారులమీద పడినది. అవి కూడా ఒకటొకటిగా తప్పుకొన్నవి. ఉత్తర భారతం చీకటైనది. మరునాడు తూర్పు, ఈశాన్య ప్రాంతాలకు కూడా అదే గతి పట్టినది. అరవై కోట్లకు పైబడిన జనం నివసించే ప్రాంతాలవి. దక్షిణాదికి మాత్రం ఏమీ కాలేదు. ఏలనగా మన గ్రిడ్డు అప్పటికింకా వారి గ్రిడ్డుతో ఒకే కాడికి కట్టబడలేదు. భద్రావతి, గాజువాక కేంద్రాలు, తాల్చేరు–కోలారు తీగ వంటి డైరెక్టు కరెంటు వంతెనలే మధ్యన ఉండేవి.

దీవిగా ఉండటం మేలేనని సంతోషింతమా? అదే సంవత్సరం ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు విద్యుత్తు వాడకంమీద ఆంక్షలు వచ్చినవి. వాన తక్కువైనది, సహజవాయువు తగ్గినది. బయటినుండి కొందామంటే దానిని తెచ్చుకొనే దారి చాలలేదు. చెరువులో నీరుండి కాలువ ఇరుకైతే చివరి మడి ఎండినట్లు, యంత్రాలు నిలిచినవి. యంత్రం నిలిస్తే దినకూలి ఇంట పొయ్యి వెలగటం కష్టం. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల తీగ కలిసిన తరువాత, దేశంలోని జనరేటర్లన్నీ సెకనుకు 50 ఆవర్తనాల ఒకే లయతో తిరగసాగినవి. అప్పటినుండి సాయం సులభమైనది, ఆపదా ఉమ్మడిదైనది. ఒక తీగ తప్పినప్పుడు మిగిలినవి ఎంత మోయగలవో ముందుగా లెక్కకట్టి ఉంచటం ఈనాటి ఇంజనీరు విధి.

“ఎందుకు?” అన్న విద్యార్థికి ఇదే సమాధానం. ఉత్పత్తి ఎంత ఉన్నా అది చేరవలసిన చోటికి చేరకపోతే లేనట్లే. చేర్చేదారిని కొలిచి, దాని సత్తువ ఎరిగి, అది అలసిపోకముందే గ్రహించే నేర్పు ఆ చిక్కులెక్కలలోనే ఉన్నది. ఉపాధ్యాయులు ఒక సాయంకాలం పిల్లలను బడి ఆవరణలో నిలబెట్టి, దూరాన సాగిపోయే స్తంభాల వరుసను చూపండి. బిళ్లలు లెక్కపెట్టించండి. ఆ తీగ ఎక్కడినుండి వస్తున్నది, ఎవరి ఇంటికి పోతున్నది అని అడగండి. ఆ ప్రశ్న మనస్సులో నాటుకొన్న పిల్లవాడు రేపు కాలేజీలో ఆ సమీకరణాలను చూచి విసుగుకొనడు.