స్టీరింగు వణికితే టైరును అడగండి!

ఇంటిని చక్రాల మీద పెట్టుకొని ఊళ్లు తిరిగితే ఎలా ఉంటుంది? యూరపు దేశాలలో చాలామంది సెలవులకు అలాగే వెళతారు. వాళ్లు వాడే బండిని క్యాంపర్ వ్యాను అంటారు. పడుకోవడానికి మంచం, వంటకు పొయ్యి, నీళ్ల తొట్టి, బట్టలు పెట్టుకొనే అర అన్నీ అందులోనే ఉంటాయి. జర్మనీలో ఫోక్స్‌వాగన్ సంస్థ 1950లో తన వ్యాన్ల తయారీ మొదలుపెట్టింది. మరుసటి సంవత్సరమే వెస్ట్‌ఫాలియా అనే మరో సంస్థ వాటిలో ఇలాంటి సామగ్రి అమర్చడం ప్రారంభించింది.

ఈ బండికి రెండు కష్టాలున్నాయి. చలికాలమంతా అది కదలకుండా ఒకే చోట నిలబడి ఉంటుంది. తీరా బయలుదేరినప్పుడు నిండా బరువు మోస్తుంది. తొట్టిలో నూరు లీటర్ల నీళ్లు పోస్తే ఆ నీళ్ల బరువే నూరు కిలోలు కదా! అందువల్ల టైర్ల జబ్బులు దీనికి త్వరగా పట్టుకుంటాయి. ఆ జబ్బులు బయటపడే తీరులలో ముఖ్యమైనది డ్రైవరు చేతిలోని స్టీరింగు వణకడం.

వైద్యుడు నాడి చూసినట్లుగా, ఆ వణుకు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో గమనిస్తే లోపం ఎక్కడుందో చాలావరకు చెప్పవచ్చు. దీనికి కావలసినది మీరు తరగతిలో చదువుకొనే భౌతికశాస్త్రమే. మీ ఊళ్లో తిరిగే జీపుకూ, కారుకూ, స్కూలు వ్యానుకూ ఇవే సూత్రాలు వర్తిస్తాయి.

సైకిలు చక్రంతో ఒక ప్రయోగం

సైకిలును తలకిందులుగా నిలబెట్టండి. ముందు చక్రాన్ని మెల్లగా తిప్పి వదలండి. అది నెమ్మదించి, కాసేపు ఇటూ అటూ ఊగి ఆగుతుంది. అడుగున ఉన్న చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, మళ్లీ తిప్పండి. ప్రతిసారీ అదే చోటు అడుగుకు వస్తున్నదంటే, చక్రంలో ఆ వైపు బరువు ఎక్కువగా ఉన్నదన్నమాట. ఇప్పుడు ఆ గుర్తుకు సరిగ్గా ఎదురుగా ఉన్న పుల్లకు కొద్దిగా తీగ చుట్టండి. తీగ బరువు సరిపోయినప్పుడు చక్రం ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది.

మీరు చేసిన ఈ పనినే వర్క్‌షాపులో వీల్ బ్యాలెన్సింగ్ అంటారు. అక్కడ తీగకు బదులు రిమ్ముకు చిన్న లోహపు బిళ్లలు తగిలిస్తారు.

అయితే ఒక తేడా ఉంది. మోటారు బండి చక్రం వెడల్పైనది. అధిక బరువు లోపలి అంచున ఒక చోట, దానికి ఎదురుగా బయటి అంచున మరొక చోట ఉండవచ్చు. మన సైకిలు ప్రయోగంలో ఈ లోపం బయటపడదు. ఎందుకంటే రెండు బరువులూ ఒకదానినొకటి సరిచేసుకుంటాయి. కాని చక్రం వేగంగా తిరిగేటప్పుడు అవి రెండూ బలయుగ్మంగా ఏర్పడి, చక్రాన్ని కుడికీ ఎడమకూ ఆడిస్తాయి. అందుకే బ్యాలెన్సింగ్ యంత్రం చక్రాన్ని తిప్పి, రెండు వైపులా ఎంతెంత బరువు కావాలో వేరువేరుగా చెబుతుంది.

ముప్ఫై గ్రాముల బలం ఎంత?

వ్యాను చక్రంలో ఒక పక్క 30 గ్రాములు ఎక్కువయితే మునిగిపోయిందేమిటి అనిపిస్తుంది. లెక్క వేద్దాం. టైరుతో కలిపి చక్రం వ్యాసం 65 సెం.మీ. అనుకోండి. దాని చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 90 కి.మీ. వేగమంటే సెకనుకు 25 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 12 సార్లకు పైగా తిరుగుతుంది. వేగాన్ని వ్యాసార్థంతో, అనగా 25ను 0.325తో భాగిస్తే కోణీయ వేగం సెకనుకు 77 రేడియన్లు అవుతుంది.

ఆ 30 గ్రాములు ఇరుసు నుండి 20 సెం.మీ. దూరంలో రిమ్ము దగ్గర ఉన్నాయనుకుందాం. ద్రవ్యరాశిని వ్యాసార్థంతోనూ, కోణీయ వేగపు వర్గంతోనూ గుణించాలి:

0.03 × 0.2 × 77 × 77 = 35.6 న్యూటన్లు.

ఇది మూడున్నర కిలోల బరువుకు సమానం! పైగా ఈ లాగుడు ఒకే దిక్కుగా ఉండదు. చక్రంతోపాటు తిరుగుతూ సెకనుకు 12 సార్లు ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ లాగుతుంది. వేగం సగానికి, అంటే 45 కి.మీ.కు తగ్గిస్తే బలం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. బలం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కదా.

మరి కొన్ని బండ్లలో 80, 100 కి.మీ.ల మధ్య వణుకు బాగా ఉండి, ఇంకా వేగం పెంచితే తగ్గిపోతుందేం? ఉయ్యాలను గుర్తు చేసుకోండి. అది ఊగే లయకు సరిగ్గా నెట్టితేనే పెద్దగా ఊగుతుంది. లయ తప్పించి ఎంత నెట్టినా ఊగదు. స్ప్రింగులు, రబ్బరు బుష్‌లు, స్టీరింగు కడ్డీలు కలిసిన అమరికకు కూడా ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. చక్రం తిరిగే లయ దానితో కలిసినప్పుడు అనునాదం ఏర్పడి వణుకు పెద్దదవుతుంది. లయ దాటిపోతే వణుకు తగ్గుతుంది. అయితే లోపం మాత్రం అక్కడే ఉంటుంది.

వణుకు చెప్పే గుర్తులు

ఒక ప్రత్యేక వేగం దగ్గర మాత్రమే స్టీరింగు వణికితే, ముందుగా ముందు చక్రాల బ్యాలెన్సింగును అనుమానించాలి. స్టీరింగు నిలకడగా ఉండి సీటూ, నేలా అదురుతుంటే లోపం వెనుక చక్రాలలో ఉండవచ్చు.

బ్రేకు వేసినప్పుడు మాత్రమే వణికితే టైరును వదిలి బ్రేకు డిస్కును చూడాలి. డిస్కు మందం అంతటా సమానంగా లేకపోతే అది తిరిగే కొద్దీ బ్రేకు పట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

బండి ఒక పక్కకు లాగుతుంటే టైర్ల గాలిలో తేడా ఉండవచ్చు, లేదా చక్రాల అలైన్‌మెంట్ తప్పి ఉండవచ్చు. అలైన్‌మెంట్ చేయిస్తే వణుకు పోతుందని చాలామంది అనుకుంటారు. కాని అలైన్‌మెంట్ లోపం ప్రధానంగా బండిని పక్కకు లాగుతుంది, టైరును ఒక పక్క అరగదీస్తుంది.

చక్రం మార్చిన వెంటనే వణుకు మొదలైతే బండిని సురక్షితమైన చోట ఆపి, నట్లు సరిగా బిగించారో లేదో చూడాలి. ఇందులో ఆలస్యం పనికిరాదు.

నెలల తరబడి నిలిపి ఉంచిన వ్యానులో మరో చిత్రం కనబడుతుంది. బరువంతా మోసిన చోట టైరు కొంచెం చదునవుతుంది. బయలుదేరగానే దబదబమని అదురుతుంది. కొన్ని కిలోమీటర్లు వెళ్లి టైరు వెచ్చబడ్డాక గుండ్రదనం తిరిగి వచ్చి అదురు పోవచ్చు. పోకపోతే ఆ చదును శాశ్వతమైనట్లే.

బిళ్లలు దాచే ప్రమాదం

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసిన గుర్తు ఇంకొకటి. 20, 30 కి.మీ. వేగంలోనే స్టీరింగు ఇటూ అటూ ఊగిసలాడితే బరువు తేడా కారణం కాకపోవచ్చు. ఆ వేగంలో 30 గ్రాముల లాగుడు ఎంత తక్కువో మన లెక్కను బట్టి మీరే చెప్పగలరు. అప్పుడు అనుమానించవలసినది టైరు ఆకారాన్ని.

నేటి రేడియల్ టైరులో పైపొర రబ్బరు కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. దెబ్బ వల్లనో, వేడి వల్లనో, వయస్సు మీరడం వల్లనో ఈ పట్టీలు రబ్బరు నుండి విడిపోవడం మొదలైతే టైరు ఒక చోట ఉబ్బుతుంది లేదా వంకర తిరుగుతుంది.

దీనిని కనుక్కోవడం సులభం. పెద్దవాళ్లు బండిని చదునైన నేలపై జాకీతో ఎత్తి, స్టాండు మీద భద్రంగా నిలపాలి. టైరు పక్కన కదలకుండా ఒక కర్రను నిలబెట్టి చక్రాన్ని చేతితో మెల్లగా తిప్పాలి. కర్రకూ టైరుకూ మధ్య సందు పెరుగుతూ తరుగుతూ ఉంటే టైరుగాని రిమ్ముగాని వంకరగా ఉన్నట్లే. ఎత్తిన బండి కిందికి మీరు మాత్రం ఎన్నడూ దూరకూడదు.

ఇలాంటి టైరుకు బిళ్లలు తగిలించి యంత్రం మీద సున్నా చూపించవచ్చు. బిళ్ల బరువు తేడాను సరిచేయగలదు గాని, విడిపోతున్న పట్టీలను అతికించలేదు. వణుకు కొంత తగ్గితే యజమాని నిశ్చింతగా ఉంటాడు. టైరు మాత్రం లోలోపల చీలుతూనే ఉంటుంది. మళ్లీ మళ్లీ బ్యాలెన్సు తప్పుతున్న చక్రంలో బిళ్లల సంఖ్య పెంచడం కాదు, టైరును విప్పి చూడటం అవసరం.

అరుగుదల, గాలి

టైరు అరిగిన తీరు కూడా చదవదగిన పాఠమే. నడిమి భాగం ఎక్కువ అరిగితే గాలి ఎక్కువైనట్లు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైనట్లు. ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్ తప్పినట్లు. అక్కడక్కడ గుంటలు పడినట్లు అరిగితే షాక్ అబ్జార్బర్లను పరీక్షించాలి.

గాలి తక్కువైన టైరు తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగి లేస్తుంది. ఆ వంపులో ఖర్చయిన శక్తి వేడిగా మారుతుంది. బరువు మోసే క్యాంపర్ వ్యానుకు ఇది పెద్ద శత్రువు. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న గాలి 57 డిగ్రీలకు వేడెక్కితే, పరమ ఉష్ణోగ్రత 300 నుండి 330కి పెరుగుతుంది. దానితో లోపలి పరమ పీడనం సుమారు పదో వంతు పెరుగుతుంది. అది చూసి గాలి ఎక్కువైందని తీసేస్తే, టైరు చల్లారాక గాలి తక్కువవుతుంది.

కొత్తగా కనిపించే ముసలి టైరు

క్యాంపర్ వ్యాను ఏడాదిలో కొద్ది దూరమే తిరుగుతుంది. అందుచేత పదేళ్లయినా టైరు మీది గాడులు లోతుగానే కనిపించవచ్చు. కాని రబ్బరు ఊరుకోదు. ఆక్సిజన్, ఓజోన్, ఎండ కలిసి దానిని గట్టిపరచి పగుళ్లు తెస్తాయి. అరుగుదల చూసి ఆయుష్షు చెప్పడం ఇక్కడ చెల్లదు.

2012 సెప్టెంబరులో ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో, ఒక సంగీతోత్సవం నుండి యువకులు తిరిగి వస్తున్న బస్సు ముందు టైరు పగిలింది. ముగ్గురు మరణించారు. ఆ టైరు వయస్సు 19 సంవత్సరాలు దాటింది. బస్సు టైర్ల వయస్సుకు అప్పటికి అక్కడి చట్టంలో హద్దు లేదు. చనిపోయిన వారిలో ఒక యువకుని తల్లి ఏళ్ల తరబడి పోరాడింది. చివరకు 2021 ఫిబ్రవరి నుండి బ్రిటన్‌లో బస్సులు, లారీల ముందు ఇరుసుకు పదేళ్లు దాటిన టైర్లు వాడటాన్ని నిషేధించారు.

టైరు వయస్సును మీరే చదవవచ్చు. ఆగి ఉన్న బండి దగ్గరకు పెద్దవాళ్లతో కలిసి వెళ్లండి. టైరు పక్క గోడ మీద ఇంగ్లీషు అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు వెతకండి. ఒక వైపు కనబడకపోతే రెండో వైపు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మూడే అంకెలు ఉంటే అది 2000 సంవత్సరానికి ముందటి టైరు. స్టెప్నీని కూడా మరిచిపోకండి. దాని గాడులు నిగనిగలాడుతూ ఉంటాయి గాని, బండిలో అందరికన్నా పెద్దది అదే కావచ్చు!