ఆజ్ఞాపత్రాల దోషపరీక్ష

అహోబిల నారసింహుని పార్వేట ఉత్సవాన్ని ఈ ప్రాంతంలో ఎరుగనివారుండరు. సంక్రాంతి వేళ బయలుదేరిన పల్లకి నలుబది దినాలకు పైగా ఊరూరా సంచరిస్తుంది. ఒక బోయీ అలసితే మరొకరు భుజం మార్చుకుంటారు. నడక మాత్రం సాగుతూనే ఉంటుంది. నేటి కంప్యూటరు ప్రపంచంలో కుబర్నెటీస్ అనే వ్యవస్థ చేసే పని ఇంచుమించు ఇటువంటిదే.

ఒక ప్రోగ్రామును, అది నడవడానికి కావలసిన సామగ్రినంతటినీ కలిపి ఒక పెట్టెలో బిగించినట్లు చేయడాన్ని కంటెయినర్ అంటారు. 2013లో డాకర్ వచ్చిన తరువాత ఈ పద్ధతి విరివిగా వ్యాపించింది. అట్టి పెట్టెలు వందలు, వేలు అయినప్పుడు వాటిని ఏ యంత్రంపై నడపాలో నిర్ణయించి, ఒకటి ఆగిపోతే దాని స్థానంలో మరొకటి నిలిపే యజమాని కావాలి. గూగుల్ సంస్థ 2014లో లోకానికి వెల్లడించిన కుబర్నెటీస్ అట్టి యజమాని. గ్రీకు భాషలో ఆ మాటకు ఓడ నడిపేవాడని అర్థం. మన భాషలో కర్ణధారి అనదగును.

ఈ కర్ణధారికి మనం నోటితో ఆజ్ఞ ఇవ్వము. "ఈ ప్రోగ్రాము ప్రతులు ఎల్లప్పుడూ మూడు నడుస్తుండవలె, ఒక్కొక్కదానికి ఇంత జ్ఞాపకశక్తి ఇవ్వవలె" అని ఒక పత్రం వ్రాసి ఇస్తాము. ఆ పత్రాన్ని సాధారణంగా యామల్ అనే లిపిపద్ధతిలో వ్రాస్తారు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. యామల్‌లో పంక్తి ఆరంభంలోని ఖాళీలకు కూడా అర్థం ఉంటుంది. రెండు ఖాళీలు తగ్గితే ఒక నియమం తన యజమానిని విడిచి మరొకరి ఇంట చేరుతుంది. ఉర్దూ చదువుకున్న మన విద్యార్థులకు దీనిని వేరే చెప్పనక్కరలేదు. ఒక్క నుక్తా పై నుంచి క్రిందికి దిగితే 'ఖుదా' కాస్తా 'జుదా' అవుతుంది గదా! యామల్ 1.1 నిర్వచనం ప్రకారం నార్వే దేశపు రెండక్షరాల సంకేతం 'ఎన్ఓ'ను ఉద్ధరణ చిహ్నాలు లేకుండా వ్రాస్తే, యంత్రం దానిని దేశం పేరుగా గాక 'కాదు' అనే నిషేధంగా గ్రహిస్తుంది. 1.20 అని వ్రాసిన సంచిక సంఖ్య 1.2గా మారిపోతుంది.

కనుక పత్రం కర్ణధారి చేతికి చేరకముందే దానిని పరీక్షించే సాధనాలు పుట్టినవి. ఆళ్లగడ్డ శిల్పి ఉలి పట్టక పూర్వమే రాతిపై కొలతలు గీసుకోవడం వంటిదే ఇదీను. ఈ సాధనాలలో పేరెన్నిక గన్నవి అనేకం ఉచితాలు. పైగా వాటి మూలరచన అందరికీ తెరచి ఉంటుంది. స్తోమత గల సంస్థకూ, ఆళ్లగడ్డ డిగ్రీ విద్యార్థికీ అవి సమానంగా అందుబాటులో ఉన్నవి.

వీటి పనిని గ్రహించడానికి పద్యపరీక్ష మంచి దృష్టాంతం. ఉత్పలమాలలో పాదానికి ఇరువది అక్షరాలు, భ ర న భ భ ర వ గణాలు, పదవ అక్షరం యతి, ద్వితీయాక్షరం ప్రాస. ఈ లక్షణాలను యంత్రంతో సరిచూచే 'ఛందం' అనే సాఫ్ట్‌వేర్ తెలుగులోనే ఉన్నది. అదే విధంగా పత్రంలో ఉండవలసిన అంశాలు, వాటి పేర్లు, ఏది సంఖ్య, ఏది పదం అన్న లక్షణాలను కుబర్నెటీస్ ముందే నిర్వచించింది. ఆ లక్షణగ్రంథంతో పత్రాన్ని పోల్చిచూచేది కుబెకన్ఫార్మ్. దీనికి ముందు కుబెవల్ అనేది ప్రచారంలో ఉండేది. దానిని ఇక కొనసాగించడం లేదని నిర్వాహకులే ప్రకటించి, కుబెకన్ఫార్మ్ వైపు దారి చూపారు. ఒక హెచ్చరిక: 'స్ట్రిక్ట్' అనే కఠిన నియమాన్ని కోరకపోతే, లక్షణంలో లేని పేర్లను ఇది చూచీచూడనట్లు వదలుతుంది. ఐచ్ఛికమైన అంశం పేరులో అక్షరదోషం అట్లే దాటిపోతుంది. ఆ కఠినత్వాన్ని ఎల్లప్పుడూ కోరడమే మేలని నా అభిప్రాయం.

గణయతిప్రాసలు కుదిరినంత మాత్రాన అది మంచి పద్యం కాదు. పునరుక్తి, గ్రామ్యం వంటి దోషాలు ఉండవచ్చును. అట్టి దోషాలను వెదకేవి కుబెలింటర్, కుబెస్కోర్, పొలారిస్ మొదలైనవి. జ్ఞాపకశక్తికి హద్దు పెట్టారా? ప్రోగ్రాముకు సర్వాధికారాలు ఇచ్చారా? అది ఆరోగ్యంగా ఉన్నదో లేదో తెలుసుకునే ఏర్పాటు చేశారా? ఇవీ వాటి ప్రశ్నలు. హద్దు అన్నది చిన్న మాట కాదు. హద్దు లేని ఒక్క ప్రోగ్రాము దారితప్పితే ఆ యంత్రంలోని జ్ఞాపకశక్తినంతా మింగి, పొరుగు ప్రోగ్రాములను కూడా కూలుస్తుంది. పరీక్షాఫలితాలు వెలువడే ఉదయం ఇది జరిగితే ఎన్ని వేల ఇండ్లలో ఆందోళనో ఊహించవచ్చును.

ఇక ప్రతి సంస్థకూ సొంత కట్టుబాట్లుంటాయి. వాటిని రెగో అనే భాషలో వ్రాసుకొని పత్రాలపై ప్రయోగించడానికి కాన్ఫ్‌టెస్ట్ ఉన్నది. రెగో నేర్వడం సులభం కాదు. యామల్‌లోనే నియమాలు వ్రాయనిచ్చే కైవెర్నో ఆరంభకులకు అనుకూలం.

వ్యాకరణం కాలంతో మారడం మరొక ఇబ్బంది. 2021లో వచ్చిన 1.22 సంచికలో కొన్ని పాత పత్రరూపాలను కుబర్నెటీస్ పూర్తిగా తొలగించింది. నిన్న శుద్ధమైనది నేడు అపశబ్దమైనది. ఇట్టి కాలదోషాలను ప్లూటో అనే సాధనం పట్టి ఇస్తుంది.

అయినను, ఈ పరీక్షలన్నీ దాటిపోయే తప్పులుంటాయి. 2023 మార్చి 14న రెడిట్ సంస్థ సేవలు 314 నిమిషాలు స్తంభించినవి. కుబర్నెటీస్‌ను 1.23 నుంచి 1.24కు మార్చినప్పుడు, కొన్ని యంత్రాలకు ఉండే 'మాస్టర్' అనే గుర్తు తొలగి, 'కంట్రోల్ ప్లేన్' అనే గుర్తు మాత్రమే మిగిలింది. ఎన్నడో పూర్వులు వ్రాసిన ఒక విన్యాసం ఆ పాత గుర్తుతోనే యంత్రాలను వెదకుతూ ఉండేది. వెదకిన పేరుగలవారు ఎవరూ లేకపోవడంతో యంత్రాల నడుమ మార్గాలు తెగిపోయినవి. ఆ వ్రాతలో అక్షరదోషం లేదు, లక్షణదోషమూ లేదు. అది పిలిచిన పేరు మాత్రం లోకంలో లేదు. ఇట్టిది పట్టుబడాలంటే నిజమైన వ్యవస్థను పోలిన మరొక చోట ముందుగా నడిపి చూడవలసిందే.

అభ్యసించగోరే విద్యార్థికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. కుబెకన్ఫార్మ్ ఒకే ఒక్క ఫైలు. సాధారణ కంప్యూటరుపై నడుస్తుంది. పరీక్షకు కుబర్నెటీస్ వ్యవస్థ ఉండవలసిన పని లేదు. లక్షణాల ప్రతులను ఒకసారి దింపుకుంటే ఇంటర్నెట్ కూడా అవసరం లేదు. సరియైన పత్రమొకటి తీసుకొని, ప్రతుల సంఖ్య ఉన్నచోట 3 అనే అంకెకు బదులు 'మూడు' అనే మాట వ్రాసి పరీక్షకు పెట్టండి. తరువాత అంకెను యథాస్థానంలో ఉంచి, జ్ఞాపకశక్తి హద్దు గల పంక్తిని తీసివేయండి. మొదటి తప్పును కుబెకన్ఫార్మ్ పట్టుకుంటుంది. రెండవదానిని అది పట్టించుకోదు, కుబెలింటర్ పట్టుకుంటుంది.