పానకాలు: మంగళగిరి ఇచ్చిన మగపేరు

కృష్ణానదికి ఇరువైపులా, విజయవాడ, గుంటూరు నగరాల చుట్టుపక్కల ఊళ్లలో డెబ్బై, ఎనభై ఏళ్లు దాటిన పురుషుల పేర్లలో 'పానకాలు' అన్న పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. పానకాలయ్య, పానకాలరావు, పానకాలరెడ్డి అని కులాన్ని, కుటుంబాన్ని బట్టి దాని చివర మారుతుందే గాని మొదటి భాగం మారదు. ఈ ప్రాంతంలో ఎవరికీ వింతగా తోచని ఈ పేరు అనంతపురంలోనో ఆదిలాబాదులోనో వినబడితే కొత్తగా ఉంటుంది. ఆ మనిషి స్వస్థలం ఎక్కడో అడగకుండానే చెప్పగలిగినంతగా ఈ పేరు ఒకే ఒక్క కొండను అంటిపెట్టుకొని ఉంది.

ఆ కొండ విజయవాడకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, గుంటూరుకు వెళ్లే దారిలో ఉన్న మంగళగిరి. అక్కడ నరసింహస్వామికి మూడు ఆలయాలున్నాయి. కొండ దిగువన లక్ష్మీనరసింహస్వామి, కొండ మధ్యలో పానకాల నరసింహస్వామి, శిఖరాన గండాల నరసింహస్వామి పూజలందుకుంటారు. గండాలంటే ఆపదలు. శిఖరం మీద విగ్రహమేమీ లేదు, ఆపదలు తొలగాలని కోరుకునే భక్తులు అక్కడ దీపం వెలిగిస్తారు. దిగువ ఆలయం ముందు నిలిచిన పదకొండు అంతస్తుల గాలిగోపురాన్ని అమరావతి ప్రభువు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు 1807-09 మధ్య కట్టించాడు. క్షేత్రం అంతకంటే చాలా పాతది. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీటిని జయించిన తరువాత విజయనగర ప్రతినిధుల శాసనాలు ఇక్కడ వెలిశాయి. ఇంత ప్రసిద్ధి ఉన్నా ఈ క్షేత్రం నుంచి జనానికి దక్కిన ప్రత్యేకమైన పేరు గోపురం నుంచి గాని, కొండ నుంచి గాని, రాజుల నుంచి గాని రాలేదు. అది నైవేద్యం నుంచి వచ్చింది.

బెల్లాన్ని నీటిలో కరిగించి, మిరియాల పొడి, ఏలకుల పొడి కలిపి చేసే తీపి పానీయం పానకం. తెలుగువారి ఇళ్లలో శ్రీరామనవమి నాడు వడపప్పుతో పాటు పంచిపెట్టేది ఇదే. మంగళగిరి కొండ మీది గుడిలో మాత్రం ఏడాది పొడవునా స్వామికి ఇదే నివేదన. గర్భాలయంలో పూర్తి విగ్రహం కనిపించదు. లోహపు తొడుగు వేసిన ముఖం, అందులో తెరచిన నోరు మాత్రమే దర్శనమిస్తాయి. భక్తుడు తెచ్చిన బిందెలోని పానకాన్ని అర్చకుడు శంఖంతో ముంచి ఆ నోట్లో పోస్తుంటే, మనిషి గుటకలు వేస్తున్నట్టుగా గుడగుడమనే చప్పుడు లోపలి నుంచి వినిపిస్తుంది. కొంతసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది. అప్పుడిక పోయడం ఆపి, మిగిలినదాన్ని ప్రసాదంగా తిరిగి ఇస్తారు. బిందె పెద్దదైనా చిన్నదైనా స్వామి సగమే తీసుకొని సగం భక్తుడికి వదిలిపెడతాడని, ఇంత బెల్లపు నీరు పోస్తున్నా అక్కడ ఈగలు, చీమలు చేరవని విశ్వాసం. నముచి అనే రాక్షసుణ్ణి సంహరించి ఉగ్రరూపంలో ఉన్న స్వామి కృతయుగంలో అమృతంతో, త్రేతాయుగంలో నేతితో, ద్వాపరంలో పాలతో శాంతించాడని, కలియుగంలో పానకంతో తృప్తి పడుతున్నాడని స్థలపురాణం చెబుతుంది. ఈ కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమని, బెల్లపు నీళ్లు అందుకే పోస్తారని ఒక వాదం ప్రచారంలో ఉన్నా, పేరు పుట్టుకకు దానితో నిమిత్తం లేదు. పేరును పుట్టించింది నమ్మకమే.

దేవుడి పేరు మనిషికి ఎలా దిగివచ్చిందో ఇప్పుడు చూడాలి. పానకాలను స్వీకరించే స్వామి కాబట్టి ఆయన పానకాలస్వామి అయ్యాడు. ఆ మాటలోని 'స్వామి' తొలగి 'పానకాలు' మిగిలింది. రాములు, నరసింహులు, ఆంజనేయులు వంటి పేర్లలో చివరి 'లు' గౌరవాన్ని తెలిపే బహువచన ప్రత్యయం కాగా, పానకాలులోని 'లు' నిజంగా పానకం అన్న మాటకు బహువచనమే. అయినా చెవికి అది ఆ పేర్ల వరుసలోనిదిగానే వినిపిస్తుంది కనుక మగపేరుగా సులువుగా కుదిరిపోయింది. పేరు పెట్టడానికి కారణం చాలా ఇళ్లలో మొక్కుబడి. సంతానం కలగని దంపతులు, పుట్టిన బిడ్డలు దక్కని తల్లులు కొండకు వచ్చి, బిడ్డ పుట్టి బతికితే స్వామి పేరు పెడతామని, పుట్టువెంట్రుకలు ఇక్కడే తీయిస్తామని మొక్కుకునేవారు. బిడ్డలు దక్కని ఇళ్లలో దిష్టి తగలకుండా పిచ్చయ్య, పుల్లయ్య, పెంటయ్య అని తక్కువ చేసి పిలిచే పద్ధతి కూడా తెలుగునాట ఉండేది. పానకాలు ఆ కోవలోకి రాదు. ఇది బిడ్డను స్వామికి అప్పగించి పెట్టిన పేరు.

నరసింహుడు ఆంధ్రదేశమంతటా కొండల మీద వెలసిన దేవుడు. ఆయన ఒక్కడే అయినా ఏ క్షేత్రం చుట్టుపక్కల ప్రజలు ఆ క్షేత్రానికి తగిన మగపేరునే తీసుకున్నారు. విశాఖ ప్రాంతంలో కొండ పేరు సింహాచలంగానూ, అక్కడి స్వామి పిలుపుపేరు అప్పన్నగానూ మనుషులకు వచ్చాయి. నెల్లూరు జిల్లాలో పెంచలకోన వల్ల పెంచలయ్యలు, కర్నూలు, కడప సీమల్లో అహోబిలం వల్ల ఓబులేసులు, ఓబుల్‌రెడ్లు, తెలంగాణలో యాదగిరిగుట్ట వల్ల యాదగిరులు, యాదయ్యలు ఉన్నారు. నెల్లూరు నుంచి లోక్‌సభకు ఎన్నికైన పుచ్చలపల్లి పెంచలయ్య, తెలంగాణ సాయుధ పోరాట కాలపు పాటల కవి బండి యాదగిరి ఇలాంటి క్షేత్రనామాలు ధరించినవారే. పూర్వపు కృష్ణాజిల్లాలోని ఆగిరిపల్లి శోభనాచలం మీద వెలసిన నరసింహస్వామి వల్ల శోభనాద్రి అన్న పేరు వచ్చింది. నూజివీడు జమీందారీ వంశంలో శోభనాద్రి అప్పారావు అన్న పేరు కనబడటానికి కారణం అదే. ఇవన్నీ కొండ పేరు నుంచో, దాని వికృతి నుంచో, స్వామి పిలుపుపేరు నుంచో వచ్చినవి. దేవుడు పుచ్చుకునే పదార్థం పేరే మనిషి పేరు కావడం మంగళగిరిలో జరిగిన విశేషం, ఆ లెక్కన ఈ పేరు తన వర్గంలో కూడా అరుదైనదే.

పానకాలు అన్న పేరు నదికి రెండు ఒడ్డులకూ విస్తరించడానికి భూగోళం, పరిపాలన రెండూ తోడ్పడ్డాయి. 1859 నుంచి 1904లో గుంటూరు జిల్లా మళ్లీ ఏర్పడే వరకు మంగళగిరి, బెజవాడ (నేటి విజయవాడ) రెండూ కృష్ణాజిల్లాలోనివే. ఒడ్డు దాటి సంబంధాలు కలుపుకునే కుటుంబాలు ఎక్కువ కాబట్టి అవతలి ఒడ్డుకు కోడలిగా వెళ్లిన ఆడపడుచు పుట్టింటి ఇలవేల్పును వెంట తీసుకుపోయేది. 1957లో ప్రకాశం బ్యారేజి మీద రాకపోకలు మొదలయ్యాక కొండకు వెళ్లడం మరింత సులువైంది. తాత పేరు మనుమడికి పెట్టే ఆచారం వల్ల ఒకసారి ఇంట్లోకి వచ్చిన పేరు తరం విడిచి తరం మళ్లీ వచ్చేది. ఒకే ఊళ్లో ఒకే పేరుగలవారు ఇద్దరుంటే పెద పానకాలు, చిన పానకాలు అని వేరుచేసి పిలిచేవారు.

అయితే ఈ పేరు కృష్ణా డెల్టా దాటి ఎందుకు వెళ్లలేదన్నది ఆలోచించదగిన విషయం. విజయవాడ ఇంద్రకీలాద్రి మీది కనకదుర్గమ్మ వల్ల పుట్టిన దుర్గారావు, దుర్గాప్రసాద్ ఎక్కడికి వెళ్లినా అర్థమవుతాయి, ఎందుకంటే దుర్గ దేశమంతటికీ తెలిసిన దేవత. నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ వల్ల వచ్చిన కోటయ్య చదువుకున్న తరానికి పల్లెటూరి పేరుగా తోచినప్పుడు కోటేశ్వరరావుగా మారి నిలదొక్కుకున్నాడు. పానకాలుకు చివర 'రావు' చేర్చినా మొదటి భాగం పానకంగానే ఉంటుంది, దాన్ని గంభీరమైన సమాసంగా మార్చే వీలు లేదు. పైగా అదే స్వామికి నరసింహారావు, లక్ష్మీనరసింహం అనే నిండైన సంస్కృతనామాలు సిద్ధంగా ఉన్నాయి. మొక్కు చెల్లించడానికి అవీ సరిపోతాయి కాబట్టి, బడికి వెళ్లే పిల్లవాణ్ణి తోటివారు ఆటపట్టిస్తారని భయపడిన తల్లిదండ్రులు ఆ పేర్లనే ఎంచుకున్నారు. అదే క్షేత్రంలోని అమ్మవారు రాజ్యలక్ష్మి పేరు ఆడపిల్లలకు అన్ని జిల్లాల్లోనూ చెల్లింది. ఎక్కడివారికైనా అర్థమయ్యే పేరు కావడమే దానికి కలిసివచ్చింది. పానకాలు అన్న పేరులోని అందమంతా అది ఒక్క చోటుకే చెందడంలో ఉంది, అదే దాని వ్యాప్తికి అడ్డం కూడా అయింది.

గత నాలుగు దశాబ్దాలలో తెలుగు పేర్ల తీరు బాగా మారింది. రెండు, మూడు అక్షరాల పేర్లు, ఉత్తరాది వాడుకలోని సంస్కృతపదాలు, సంఖ్యాశాస్త్రం చూసి సరిదిద్దిన అక్షరక్రమాలు వచ్చాయి. విదేశాలకు వెళ్లే పిల్లల పాస్‌పోర్టులో పలకడానికి తేలికైన పేరుండాలన్న ఆలోచన కూడా దీనికి తోడైంది. క్షేత్రనామాల్లో ముందుగా వెనుకబడినవి ఒక ప్రాంతానికే పరిమితమైనవి. అందువల్ల పానకాలు అన్న పేరుగల పసివాడు ఇప్పుడు కనిపించడం కష్టమే. మొక్కులు మాత్రం తగ్గలేదు. ఫాల్గుణ మాసంలో మంగళగిరి తిరునాళ్లకు, రథోత్సవానికి జనం పోటెత్తుతూనే ఉన్నారు, పసిపిల్లల పుట్టువెంట్రుకలు కొండ మీద తీయిస్తూనే ఉన్నారు. స్వామి తాగగా మిగిలిన పానకాన్ని సీసాల్లో నింపుకొని ఇంటికి తీసుకుపోయే తల్లిదండ్రుల చేతుల్లోని పిల్లలకు సాయి అనో, నరసింహ అనో ముందు చేర్చిన జంటపేర్లు ఉంటున్నాయి, వాటిలో రెండోదే వాడుకలో నిలుస్తోంది.