బ్రైటన్‌లో నాలుగు రాత్రులు

ఇంగ్లండులో సముద్రపు వొడ్డున హోటలు అనగానే మన కళ్ళకు కట్టేది యెత్తయిన తెల్లని భవనం, వాకిట్లో టోపీ పెట్టుకున్న ద్వారపాలకుడు, మేడమీద తెరలు రెపరెపలాడే కిటికీ. అటువంటివి బ్రైటన్‌లో లేకపోలేదు. వాటి ముందునుంచి నేనూ నడిచాను. నడిచినందుకు అద్దె అడగరు గదా! కాని డబ్బు లెక్క చూసుకునే మనిషి బస చేసేది ఆ వీధిలో కాదు, దాని వెనక సందులో. ఆ సందులోని బసల సంగతే యీ వ్యాసం.

బ్రైటన్ లండనుకు దక్షిణంగా సుమారు 50 మైళ్ళ దూరాన వుంది. విక్టోరియా స్టేషనులో రైలెక్కితే గంటకు కాస్త అటూ యిటూగా దిగవచ్చు. పక్కనున్న హోవ్‌తో కలిపి దానికి నగర హోదా ప్రకటించింది 2000వ సంవత్సరంలో. మా అక్కయ్య కొడుకు అక్కడికి దగ్గరలోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. జూన్ నెలలో వాణ్ణి చూసిరావడానికి వెళ్ళాను. వాడి హాస్టలు గదిలో మంచం వొక్కటే. అదీ వాడి కాళ్ళకే చాలదు.

"మామయ్యా! చౌకలో వొక గెస్టుహౌసు చూశాను. రాత్రికి 45 పౌన్లు. సముద్రం కనిపిస్తుందట" అని ఫోనులో చెప్పాడు.

45 పౌన్లంటే మన లెక్కలో అయిదువేల రూపాయల పైమాటే. ఆ డబ్బుకు మా కాకినాడలో చల్లని గదీ, పొద్దున్నే పెసరట్టూ, పైగా నమస్కారమూ దొరుకుతాయి. బ్రైటన్‌లో మాత్రం అది అట్టడుగు ధర. అదైనా సోమవారం నుంచి గురువారం దాకానే. శుక్ర, శనివారాలలో అదే గది ధర రెట్టింపయినా ఆశ్చర్యపడనక్కరలేదు.

అట్టడుగు ధర - అటకమీద గది

యిల్లు సన్నగా, పొడుగ్గా, బీరువాలో నిలబెట్టిన పుస్తకంలా వుంది. అటొక పుస్తకం, యిటొక పుస్తకం. వీధి పొడుగునా అవే. యిల్లూ యిల్లూ కలిసి వొకే గోడ. తలుపు తీసిన యింటావిడకు అరవై యేళ్ళు దాటి వుంటాయి. తాళం చెవి చేతిలో పెట్టి, "అరవై యెనిమిది మెట్లు, లవ్" అన్నది. కంగారుపడకండి. ఆ వూళ్ళో వాక్యం చివర 'లవ్' అంటే ప్రేమా కాదు, గీమా కాదు. మనం 'నాయనా' అన్నట్టే.

లిఫ్టు లేదు. యిటువంటి పాత యిళ్ళలో చాలావాటిని చట్టం కాపాడుతూ వుంటుంది. అనుమతి లేనిదే వాటిలో గోడ పడగొట్టకూడదు, కిటికీ మార్చకూడదు. మెట్లు యెక్కుతుంటే వొక సంగతి బోధపడింది. యీ యిళ్ళు 19వ శతాబ్దపు తొలి రోజులలో కలవారి కోసం కట్టినవి. నేలమాళిగలో వంటిల్లు, వీధిమట్టాన భోజనాల గది, దానిపైన అతిథులు కూర్చునే పెద్ద హాలు, ఆపైన యజమానుల పడకగదులు, చిట్టచివర కప్పు కింద పనిపిల్లల గదులు. యిప్పటికీ ఆ వరసే! యెక్కినకొద్దీ గది చిన్నదవుతుంది, ధర తగ్గుతుంది. రెండు వందల యేళ్ళ కిందట పనిపిల్ల నిద్రపోయిన చోటనే యీనాడు చౌక యాత్రికుడు నిద్రపోతాడు.

నా గదిలో వొక మంచం, వొక కుర్చీ, చేతులు కడుక్కునే తొట్టి. తొట్టికి రెండు కొళాయిలు. వొకదానిలో మంచునీళ్ళు, రెండోదానిలో మరిగే నీళ్ళు. గోరువెచ్చన కావాలంటే ఆ రెంటికీ మనమే సంధి కుదర్చాలి. స్నానాలగది కింది అంతస్తులో, నలుగురికీ వొకటే. కాని బల్లమీద నీళ్ళు కాచుకునే కెటిలు, టీ పొట్లాలు, వుగ్గుగిన్నెకన్న చిన్న డబ్బాలలో పాలు, రెండు బిస్కట్లు పెట్టి వున్నాయి. యెంత చౌక గది అయినా యింగ్లీషువాడు టీ సరంజామా మాత్రం తప్పనివ్వడు.

సముద్రం సంగతి అడుగుతారా? కనిపించింది. కిటికీ అద్దం పైకి తోసి, తల బయట పెట్టి, కుడివైపు తిప్పితే రెండు పొగగొట్టాల నడుమ పంచె అంచంత నీలం. మావాడు అబద్ధం చెప్పలేదు!

తెల్లవారుజామున నాలుగున్నరకే సముద్రపు గువ్వలు కప్పుమీద సభ తీరుస్తాయి. అది కూత కాదు, కీచులాట. వాటినీ వాటి గూళ్ళనూ ముట్టుకోవడానికి వీల్లేకుండా 1981లో చేసిన చట్టమొకటి వుంది. గోడలకు అటువంటి ధీమా లేదు. రాళ్ళు, యిటుక ముక్కలు, సున్నం, చేతికందినదల్లా కలిపి పోసిన గోడలు ఆ వూళ్ళో చాలా వున్నాయి. దానికి 'బంగరూష్' అని పేరు. వానకు తడిస్తే సున్నం కరిగి గోడ వొదులవుతుంది. అందుకే ఆ తెల్లని పూతలు, యేటేటా మరమ్మతులు. మన అద్దెలో కొంత ఆ గోడ తింటుంది.

వుదయం ఫలహారం నేలమాళిగలో. శాకాహారినని చెప్పగానే ఆవిడ చిన్న కాగితం మీద 'వెజ్జీ' అని గీసుకున్నది. కాల్చిన రొట్టె, వేయించిన పుట్టగొడుగులు, సగానికి కోసి కాల్చిన టొమాటో, తియ్యని టొమాటో పులుసులో వుడికిన చిక్కుడు గింజలు వచ్చాయి. మా అక్కయ్య కొడుక్కి కట్టి పంపిన ఆవకాయలో కాస్త నా దగ్గర వుంది గనుక గండం గడిచింది. ఆవిడ వేలితో రుచి చూసి, రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి, మర్నాడు మళ్ళీ అడిగింది.

వుప్పునీళ్ళు తెచ్చిన వైభవం

యిన్ని బసలు యీ వూళ్ళో యెలా పుట్టాయి? 18వ శతాబ్దం నడుమ రిచర్డ్ రసెల్ అనే వైద్యుడు సముద్రస్నానం రోగాలు కుదురుస్తుందని, ఆ నీళ్ళు తాగితే యింకా మంచిదని పుస్తకం రాశాడు. డబ్బున్నవాళ్ళు చేపలు పట్టుకునే ఆ పల్లెకు వచ్చిపడ్డారు. 1783లో యువరాజు వచ్చాడు. తరువాత నాలుగో జార్జి అయినది ఆయనే. గుమ్మటాలతో మన నవాబుల మహలులా కనిపించే రాయల్ పెవిలియన్ ఆయన కట్టించుకున్నదే.

1841లో లండను నుంచి రైలు వచ్చింది. ఆ రైలుతో దొరల వూరు జనం వూరయింది. 1871లో బ్యాంకు సెలవుల చట్టం, 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చాక, కార్మికుడు కూడా భార్యాబిడ్డలతో సముద్రం చూడగలిగాడు. అతనికి చౌకలో పడక కావాలి. కలవారు వొదిలిపోయిన పెద్ద యిళ్ళను గదులుగా విడగొట్టి, యింటావిడలు ఆ పడకలు వేశారు. వాళ్ళ కట్టుబాట్లు గట్టివి. పొద్దున్న ఫలహారం కాగానే బయటికి పోవాలి, సాయంత్రం దాకా తిరిగి రాకూడదు - వాన కురిసినా సరే. వుప్పు, మిరియాల సీసాలు వాడుకున్నందుకు వేరే డబ్బు వేసేవారని యిప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు.

యీ వ్యాపారంలో మనదేశంవాడొకడు ముందే పేరు తెచ్చుకున్నాడు. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 1810లో లండనులో హిందూస్తానీ భోజనశాల పెట్టి నష్టపోయాడు. తరువాత బ్రైటన్ చేరి, సముద్రానికెదురుగా ఆవిరి స్నానాలశాల తెరిచి, వొళ్ళు మర్దన చేసి దొరల నొప్పులు తీర్చాడు. నాలుగో జార్జికీ, నాలుగో విలియంకూ ఆయనే 'షాంపూ' వైద్యుడు. తలంటుకు మనం వాడే సీసామీద వున్న ఆ మాట మన 'చంపీ' నుంచి పుట్టినదే. 1851లో ఆయన అక్కడే కన్నుమూశాడు. సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో సమాధి వున్నది.

రాజుగారి వొళ్ళు పట్టిన చేతులకు మర్యాద దొరికింది గాని, తరువాతి కాలంలో అక్కడికి వెళ్ళిన నల్లవారికి, మనవారికి మంచం దొరకడం కష్టమయింది. లండనులో వొక హోటలు 1943లో లియరీ కాన్‌స్టంటైన్ అనే ప్రసిద్ధ క్రికెట్ ఆటగాణ్ణి రంగు కారణంగా వుండనివ్వలేదు. ఆయన కోర్టుకెక్కి 1944లో గెలిచాడు. అయినా 1950లలో 'రంగువారికి గదులు లేవు' అనే అట్టలు అద్దెయిళ్ళ కిటికీలలో కనిపిస్తూనే వుండేవి. హోటళ్ళలో అటువంటి వివక్షను నిషేధించే చట్టం 1965లో వచ్చింది. అద్దెయిళ్ళకూ వర్తించే చట్టం రావడానికి 1968 దాకా ఆగవలసి వచ్చింది. నా చేతిలో తాళం చెవి యెటువంటి ప్రశ్నా లేకుండా పడిందంటే దాని వెనక యింత కథ వున్నది.

పక్క గదివారు

1960లు దాటాక యింగ్లీషువాళ్ళు సెలవులకు విమానమెక్కి స్పెయిన్ వెళ్ళడం మొదలుపెట్టారు. అక్కడ యెండకు హామీ వుంది. వొడ్డుమీది వూళ్ళు వెలవెలబోయాయి. బ్రైటన్‌లో 1866లో తెరిచిన వెస్ట్ పియర్ అనే వుల్లాసాల వంతెన 1975లో మూతపడి, 2003లో కాలిపోయి, యిప్పుడు నీళ్ళలో యినప అస్థిపంజరంగా నిలబడి వున్నది. చవక బసలు కొన్ని ఫ్లాట్లయినాయి. కొన్నిటికి మరో రకం అతిథులు వచ్చారు. వాళ్ళను నేను మూడో అంతస్తు మలుపులో కలుసుకున్నాను.

రెండో నాటి సాయంత్రం మెట్లమీద వొక కుర్రవాడు బడి దుస్తులతో కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాడు. తొమ్మిదేళ్ళుంటాయి. నాకు దారియిస్తూ అడిగాడు:

"మీరు యెన్ని రోజులుంటారు?"

"నాలుగు రోజులు. మీరో?"

"మేము వచ్చి అయిదు వారాలయింది. మీ కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందా?"

"తల బయట పెడితే కనిపిస్తుంది."

"మా కిటికీకి యెదురుగా గోడ" అన్నాడు.

అంతలో వాళ్ళమ్మ తలుపు తీసింది. వెనక గదిలో రెండు మంచాలు, వాటి నడుమ సూట్‌కేసులు, కెటిలు పక్కన నూడుల్సు గిన్నెలు. బల్ల లేదు, అందుకే మెట్లమీద లెక్కలు. వారు అద్దెకున్న యిల్లు యజమాని అమ్మేశాడట. మరో యిల్లు దొరకలేదు. మునిసిపల్ కౌన్సిలువారు తెచ్చి యిక్కడ పెట్టారు. "మీరు సెలవులకు వచ్చారా?" అని ఆవిడ మర్యాదకు అడిగింది. ఔనన్నాను. ఆ తరువాత యేం మాట్లాడాలో తోచలేదు.

యింగ్లండులో 1977 నాటి చట్టం మొదలుకొని, పిల్లలున్న కుటుంబం నిలువనీడ లేకుండా పోతే కౌన్సిలువారే నీడ చూపించాలి. యిళ్ళు చాలక వారు యిటువంటి బసలలో గదులు తీసుకుంటారు. వంటిల్లు లేని గదిలో పిల్లలను యెంతకాలమని వుంచుతారు? అందుకని 2004 యేప్రిల్ నుంచి ఆరు వారాలకు మించి కుటుంబాలను యిలా వుంచరాదని నిబంధన అమలుకు వచ్చింది. ఆరు వారాలు దాటిపోతున్న కుటుంబాలు యిప్పటికీ వున్నాయి.

మర్నాడు యింటావిడను అడిగాను. దాచలేదు. "శనివారం నా గదులు నిండుతాయి. నవంబరులో మంగళవారంనాడు యెవరొస్తారు, లవ్? కౌన్సిలు పైకం యేడాది పొడుగునా వస్తుంది. కప్పు మరమ్మతు దానితోనే జరిగింది" అన్నది. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఆ కప్పు కిందనే గదా నేనూ పడుకున్నది!

మూడో నాటి సాయంత్రం తల్లి అనుమతితో కుర్రవాడు నా గదికి వచ్చాడు. నేను నడుం పట్టుకుంటే తల బయట పెట్టి చాలాసేపు చూశాడు. "పడవ వొకటి పోతున్నది" అన్నాడు. అదీ వాళ్ళ వూరే. సముద్రం కూడా వాళ్ళదే. అయిదు వారాలుగా దాని పక్కనే వుంటూ, ఆ కిటికీలోంచి చూడడానికి నాలుగు రోజుల అతిథిని అడగవలసి వచ్చింది.

వెళ్ళేవారికి

వారం మధ్యలో వెళ్ళండి. ఆగస్టు మొదటి భాగంలో ప్రైడ్ వుత్సవం జరిగే రోజులలో చౌక అన్నమాట మరిచిపోండి. యెన్నో అంతస్తు, స్నానాలగది యెక్కడ, ఫలహారం అద్దెలో కలిసిందా - యీ మూడూ ముందే అడగండి. మోకాళ్ళ నొప్పులుంటే మొదటిది మరీ మరీ అడగండి. ట్రావెలాడ్జ్ వంటి కంపెనీ హోటళ్ళలో లిఫ్టు వుండవచ్చు గాని, ఆవకాయ రుచి చూసే యింటావిడ వుండదు. బీచిలో మనలాగా యిసుక లేదు, అన్నీ గులకరాళ్ళే. గట్టి చెప్పులు కావాలి. పెవిలియన్ దక్షిణ ద్వారం తప్పక చూడండి. మొదటి మహాయుద్ధంలో గాయపడ్డ మన సిపాయిలకు ఆ భవనంలో ఆసుపత్రి నడిపారు; ఆ కృతజ్ఞతకు గుర్తుగా 1921లో భారతదేశం తరఫున కట్టించిన ద్వారమది. చూడడానికి పైసా అక్కరలేదు.

మరొక్క మాట. ఆ యిరుకు మెట్లమీద యెవరైనా యెదురయితే వొదిగి దారివ్వండి. అక్కడ సెలవులకు వచ్చినవారెవరో, సెలవన్నదే లేనివారెవరో మొగం చూసి చెప్పడం కష్టం.