తిరుపతికి మకాం మారుస్తున్నారా?

తిరుపతికి మకాం మార్చినవాళ్లలో సాక్షాత్తూ దేవుడే ఉన్నాడు. గోవిందరాజస్వామి సొంతూరు చిదంబరం. అక్కడి చోళరాజు పెట్టిన బాధలు పడలేక ఉత్సవమూర్తిని ఇక్కడికి తరలించారనీ, కొండ కింద రామానుజులు ప్రతిష్ఠ చేయించారనీ సంప్రదాయం. ఆ గుడి చుట్టూ వీధులు వచ్చాయి, వీధుల చుట్టూ ఊరు పెరిగింది. ఇవాళ ల్యాప్‌టాప్ సంచి, పిల్లల టీసీలతో రేణిగుంటలో దిగుతున్న కుటుంబాలకు ఆయన సీనియరన్నమాట.

ఆఫర్ లెటర్లో ‘తిరుపతి జిల్లా’ అని ఉంటే వెంటనే తిరుపతిలో ఇల్లు వెతక్కండి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ జిల్లాలో పాత చిత్తూరు ముక్క, పాత నెల్లూరు ముక్క కలిసి ఉన్నాయి. ఉద్యోగం శ్రీసిటీ పారిశ్రామికవాడలో అయితే మీకు తిరుపతి కంటే చెన్నై దగ్గర, యాభై అయిదు కిలోమీటర్లే. ఐఐటీ అయితే ఏర్పేడు. టీవీలు, ఫోన్లు, విడిభాగాల ఫ్యాక్టరీలైతే రేణిగుంట వైపు. మీ ఇంట్లో టీవీ వెనక అంటించిన కాగితం ఒకసారి చదవండి. తయారైన ఊరు తిరుపతి అని ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. డిక్సన్ కంపెనీ ఇక్కడ చేసేది ఆ పనే.

శ్రీసిటీ ఉన్న సత్యవేడు ప్రాంతం 1960 మార్చి 31 దాకా మద్రాసు రాష్ట్రంలో, చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. మర్నాడు పొద్దున ఆంధ్రప్రదేశ్‌లో లేచింది. పటాస్కర్ సరిహద్దు తీర్పు ప్రకారం మన తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. ఇల్లు కదలకుండా, లారీ మాట్లాడకుండా రాష్ట్రం మారిన కుటుంబాలవి.

చెన్నై లోకల్ రైలు మన రాష్ట్రంలోకి వస్తుందని చాలామందికి తెలియదు. గుమ్మిడిపూండి దాటి, తడ మీదుగా సూళ్లూరుపేట దాకా వచ్చే బళ్లున్నాయి. భార్య ఉద్యోగం చెన్నైలో, భర్త ఉద్యోగం శ్రీసిటీలో అయిన ఇళ్లకు ఈ రైలే మధ్యవర్తి.

సూళ్లూరుపేట అంటే గుర్తొచ్చింది. ‘టెక్ ఉద్యోగం, రీలొకేషన్’ లాంటి మాటలు మన నోట పడకముందే ఆ బాధలన్నీ పడ్డ ఊరది. దాని పక్కనున్న శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ లేచింది 1971 అక్టోబర్ 9న. కేరళ నుంచీ కర్ణాటక నుంచీ వచ్చిన ఇంజినీర్లకు అక్కడ క్వార్టర్లు కట్టారు, పిల్లలకు బడి పెట్టారు, పులికాట్ సరస్సు మీదుగా బస్సులు తిప్పారు. ఉద్యోగంతోపాటు బడినీ బస్సునూ కలిపి ఆలోచించిన పద్ధతి అది. ఇప్పటి కంపెనీలు బస్సు దగ్గరే ఆగిపోతున్నాయని నా ఫిర్యాదు.

ఇప్పుడు అసలు సంగతి. శ్రీసిటీలో చేరినవాళ్లు ‘చెన్నైలో ఉంటే పిల్లలకు మంచి బడులు’ అని అటు వెళ్లిపోతారు. బడులు మంచివే. కాని రెండు ముళ్లున్నాయి. ఒకటి, తమిళనాడు 2006లో చేసిన చట్టంతో అక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి సబ్జెక్టయింది. మూడో తరగతి దాకా తెలుగు చదివిన పిల్ల మళ్లీ అక్షరాల దగ్గర మొదలుపెట్టాలి. రెండోది ఇంకా పెద్దది: స్థానికత. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన ఇంజినీరింగ్, మెడికల్ సీట్లలో 85 శాతం స్థానికులకే. స్థానికుడు అనిపించుకోవడానికి రాచబాట ఏమిటంటే, అర్హత పరీక్షకు ముందు వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలోనే చదివి ఉండటం. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ పరిధి అంటే పాత లెక్కలో రాయలసీమ నాలుగు జిల్లాలూ, నెల్లూరూ. మినహాయింపులు ఉన్నాయి గాని వాటిని నమ్ముకుని కూర్చోకూడదు. పిల్లకు ఇంజినీరింగ్, మెడికల్ ఆలోచన ఉంటే ఎనిమిదో తరగతి అయిపోయేసరికి మీ గడప సరిహద్దుకు ఏ వైపున ఉందో ఒకసారి చూసుకోండి. అద్దె రెండు వేలు ఎక్కువా తక్కువా అని నెలరోజులు కొట్టుకునే తండ్రులు ఈ ముక్క అడగడం నేనింతవరకు వినలేదు.

తిరుపతిలో పేట పేరు వింటే సగం చరిత్ర తెలుస్తుంది. కొర్లగుంట, తుమ్మలగుంట, తాతయ్యగుంట. గుంట అంటే నీళ్లు నిలిచే చోటు. మనం మరిచినా నీళ్లు మరవవు. ఇక్కడ పెద్ద వానలు జూన్‌లో రావు, ఈశాన్య రుతుపవనాలతో అక్టోబర్, నవంబర్‌లలో వస్తాయి. మనమేమో స్కూళ్లు తెరిచేలోగా దిగాలని మే నెల ఎండలో ఇల్లు చూస్తాం. అప్పుడు ప్రతి ఇల్లూ పొడిగా, ముచ్చటగానే ఉంటుంది. నేనూ అలాగే ఒక మేలో చూశాను. గోడ మీద మోకాలెత్తున సన్నటి గోధుమరంగు గీత కనబడితే ‘పాత పెయింటు సార్’ అన్నాడు బ్రోకరు. నవంబర్‌లో ఆ పెయింటు మళ్లీ వేసి పోయింది వాన. బియ్యం డబ్బా తేలుతుంటే మా అమ్మ కుర్చీ మీద కాళ్లు పెట్టుకుని ‘గీత అడిగినావా నాయనా, గీత?’ అని ఒకటే పోరు.

2021 నవంబర్ వానల్లో ఊరంతా మునిగింది. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించారు. ఆ రోజుల్లోనే శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో వింత జరిగింది. భూమిలో పాతిన సిమెంటు ఒరల సంపు గోపురంలా నేల చీల్చుకుని పైకి లేచింది! లోపల దిగి శుభ్రం చేస్తున్న ఇంటావిడ ఎలాగో బయటపడింది. దేవుడి లీల అన్నవాళ్లున్నారు గాని కారణం తేలికే. నేల నీళ్లతో చిత్తడైపోతే, ఖాళీ సంపు పడవలా తేలుతుంది. ఇల్లు చూసేటప్పుడు సంపు ఎంత లోతని అడగడం కాదు, కల్యాణి డ్యాం నీళ్లో తెలుగుగంగ నీళ్లో, ఎన్నాళ్లకోసారి వదులుతారో అడగండి.

చిత్తూరు వైపు వెళ్తే లెక్క మారుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే చిత్తూరుకు ఒక బలముంది. రాయవేలూరు ఆసుపత్రి నలభై కిలోమీటర్ల లోపే. చిత్తూరువాళ్ల నోట వెల్లూరు ఇప్పటికీ రాయవేలూరే. తిరుపతిలో ఉండేవాళ్లకు 1993 నుంచి స్విమ్స్ ఆసుపత్రి ఉంది. కుప్పంలో ఇంకో పద్ధతి. తెల్లారక ముందే టిఫిన్ క్యారియరుతో రైలెక్కి, బెంగళూరులో పని చేసి, రాత్రికి ఇంటికి వచ్చేవాళ్లు అక్కడ కొల్లలు. బెంగళూరు జీతం, కుప్పం అద్దె. నిద్ర మాత్రం రైల్లో.

స్థలం చూసుకోవడం మనుషులకే కాదు, యంత్రాలకూ తప్పదు. తిరుపతి–చిత్తూరు దారిలో గాదంకి దగ్గర 53 మెగాహెర్ట్‌జ్ రాడారు ఉంది. 1,024 యాంటెన్నాలు పొలంలో నాటిన కర్రల్లా నిలబడి పైనున్న గాలిని గమనిస్తుంటాయి. చుట్టూ కొండలుంటే బయటి రొద తగలదు. తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు రొద పక్కన ఫ్లాట్ తీసుకునేవాళ్లు ఈ రాడారును చూసి నేర్చుకోవాలి.

అందరూ వచ్చేవాళ్లే కాదు, తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. చిత్తూరు జిల్లా పేటమిట్ట గ్రామానికి చెందిన గల్లా రామచంద్రనాయుడు అమెరికాలో ఏళ్ల తరబడి ఎలక్ట్రికల్ ఇంజినీరుగా చేసి, కుటుంబంతో వెనక్కి వచ్చి 1985లో అమరరాజా మొదలుపెట్టారు. మద్రాసు, బెంగళూరు పక్కనే ఉండగా ఆయన ఎంచుకున్నది తిరుపతి పక్కన కరకంబాడి. కార్లలో ఆకుపచ్చ అమరాన్ బ్యాటరీ కనబడితే అది ఒక మకాం మార్పు ఫలితమని గుర్తుంచుకోండి.

ఇంకొకటి. మామిడికాయల సీజన్లో ఇక్కడెవరైనా ‘బెంగళూరా ఎంత పలికింది?’ అంటే జీతం సంగతి అనుకోకండి. తోతాపురి కాయను ఇక్కడ పిలిచే పేరు అది.

ఇల్లు దొరికి, పాలు పొంగించాక ఆధార్‌లో చిరునామా మార్పించండి. 2024 డిసెంబర్ నుంచి టీటీడీ ప్రతి నెలా మొదటి మంగళవారం స్థానికులకు శ్రీవారి దర్శనం మళ్లీ మొదలుపెట్టింది. తిరుపతి, తిరుమల, చంద్రగిరి, రేణిగుంటల చిరునామా ఉన్నవాళ్లకే ఆ టోకెన్. సూళ్లూరుపేటలో దిగినవాళ్లు మామూలు క్యూలోనే నిలబడాలి.